పది గంటల బండిలో అత్తయ్య క్యారేజీ

మా మావయ్యగారు చిన్న లైను మీద ఒక బుల్లి స్టేషనులో పంతొమ్మిదేళ్ళు స్టేషన్ మాస్టరుగా పని చేశారు. ఆ పంతొమ్మిదేళ్ళలో మా అత్తయ్య ఆ స్టేషను ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ వండిన అన్నం మాత్రం, ఆయన సెలవు రోజులు పోను, రోజూ వెళ్ళి చూసి వచ్చేది.

చిన్న లైను అంటే రాయ్‌పూర్‌లో రైల్వే తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రాయ్‌పూర్‌లో బయల్దేరి, ఊళ్ళోనే ఉన్న తెలీబంధా స్టేషనులో ఆగి, అక్కణ్ణుంచి పొలాల్లో పడి ధమ్తరీ దాకా పోయే బుల్లి రైలు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. పెట్టెలు చూస్తే ఎవరో పిల్లలు ఆడుకోవడానికి చేయించినట్టుండేవి, ఎక్కేవాళ్ళు మాత్రం బియ్యం బస్తాలతో, కూరగాయల గంపలతో ఎక్కేవాళ్ళు. దాని వేగం గురించి నేనేమైనా అంటే మావయ్యగారికి ఇప్పటికీ కోపం వస్తుంది కనక అనను. సైకిలు మీద పోయేవాళ్ళు దాన్ని దాటిపోతూ లోపల కూర్చున్నవాళ్ళని కుశలం అడిగేవాళ్ళని మాత్రం చెబుతాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది రెండు వేల ఒకటిలో. మాది భిలాయి. నాన్న స్టీలు ప్లాంటులో పని చేసేవాడు, ఇంట్లో కరీంనగర్ తెలుగు. అత్తవారిది శ్రీకాకుళం వైపు. పెళ్ళయిన మొదటి నెలంతా అత్తయ్య మాట నాకూ, నా మాట అత్తయ్యకీ సగమే అందేది. మిగతా సగం ఇద్దరం హిందీలో సర్దుకునేవాళ్ళం. ఆ ఏడే శంకర్ నగర్‌లో ఒక స్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. నాది మధ్యాహ్నం షిఫ్టు. ఇల్లేమో తెలీబంధా స్టేషనుకి కూతవేటు దూరం. ఇంకేముంది, క్యారేజీ డ్యూటీ నా మెడకి చుట్టుకుంది.

డ్యూటీ ఏమిటంటే, మావయ్యగారు పొద్దున్నే మొదటి బండికి వెళ్ళిపోయేవారు. అప్పటికి వంట కాదు. అత్తయ్య నాలుగింటికే లేచి మొదలుపెట్టినా కాదు, ఎందుకంటే ఆవిడ వంట అలాంటిది. పప్పు ఒకటి, కూర ఒకటి, పులుసు ఒకటి, పైన పచ్చడో వేపుడో. పనసకాయ దొరికిన రోజున ఆవ పెట్టి వండేది. అరటిపువ్వు దొరికితే దాని కాడలు ఒక్కొక్కటీ తీస్తూ కూర్చునేది. అడుగు గిన్నెలో అన్నం, దాని మీదే పప్పు, మిగతావి పై గిన్నెల్లో, అలా అన్నీ నాలుగు గిన్నెల క్యారేజీలో సర్ది, పైన గుడ్డ కట్టి నా చేతికి ఇచ్చేది. నేను దాన్ని స్కూటీ ముందు పెట్టుకుని తెలీబంధా స్టేషనుకి పోయి పది గంటల బండి గార్డుకి అందించేదాన్ని. క్యారేజీ పిడికి ఎర్ర రంగు చుట్ట ఉండేది, అదే దాని అడ్రసు. అలా లైను పొడుగునా ఉన్న ఉద్యోగుల క్యారేజీలన్నీ గార్డు పెట్టెలో ఒక మూల వరసగా నిలబడి ప్రయాణం చేసేవి. ఒక్కొక్క స్టేషనులో ఒక్కొక్కటి దిగిపోయేది.

సాయంత్రం మావయ్యగారితో ఖాళీ క్యారేజీ తిరిగొచ్చేది. ఆయన చెప్పులు విప్పేలోపే అత్తయ్య దాన్ని అందుకుని మూతలు తీసి చూసేది. నాలుగు గిన్నెలూ శుభ్రంగా కడిగి ఉండేవి. ఒక్క మెతుకు, ఒక్క కరివేపాకు రెబ్బ మిగిలేది కాదు. ఆ మూతలు మళ్ళీ పెట్టేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి. నేను స్కూల్లో బెస్ట్ టీచరు సర్టిఫికెట్టు తెచ్చుకున్న రోజున కూడా నా ముఖం అంత వెలగలేదు. పైగా మావయ్యగారు రెండుసార్లు బదిలీ వస్తే తిరిగి తిరిగి ఆపించుకున్నారు. రెండోసారి అది ప్రమోషన్ మీద బదిలీ. అంత మంచి ఉద్యోగం వదులుకున్నారేమిటని నేను నోరు జారితే, అత్తయ్య కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తకుండా జవాబు చెప్పింది. పెద్ద లైను స్టేషనుకి ఇంటి క్యారేజీ అందదు కదా, అందుకని వదులుకున్నారట. నాకూ నిజమే అనిపించింది.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి. ఒకరోజు స్కూలుకి బయల్దేరినదాన్ని, దిద్దిన పరీక్ష పేపర్లు మరిచిపోయి వెనక్కి వచ్చాను. పదకొండు దాటింది. వంటింట్లో తలుపు చాటున పీట వేసుకుని అత్తయ్య సద్దన్నం తింటోంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు, మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుంటూ, కళ్ళు మూసుకుని మరీ తింటోంది. నాలుగింటి నుంచి వండిన నాలుగు రకాలూ పొయ్యి పక్కన మూతలు పెట్టి ఉన్నాయి. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికినట్టు గిన్నె కొంగు కింద దాచింది.

"మీ మావఁకి సెప్పకమ్మా. టేసన్ మాస్టరు పెళ్ళాం సద్దన్నం తింతందంటే బాగోదు."

విషయం ఏమిటంటే, కొత్తగా కాపురానికి వచ్చి రైల్వే క్వార్టర్లో దిగినప్పుడు అత్తయ్య ఊళ్ళోలాగే ఒక సద్ది కుండ పెట్టిందట. పక్క క్వార్టర్ ఆవిడ వచ్చి చూసి, ఇది మీ పనిమనిషి కోసమా అని అడిగిందట. ఆవిడ మామూలుగానే అడిగి ఉంటుంది. అత్తయ్య మాత్రం ఆ సాయంత్రమే కుండ తీసుకెళ్ళి పారేసింది. మొగుడు ఉద్యోగస్తుడు, ఇక నుంచి ఆయనకి పొగలు కక్కే అన్నమే పెట్టాలని ఒట్టు పెట్టుకుంది. ఒట్టు ఆయన విషయంలో నిలబెట్టుకుంది. తన నాలుకకి మాత్రం చెప్పుకోలేకపోయింది. నేను ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, మా ఆయనకి కూడా చెప్పలేదు.

తర్వాత మావయ్యగారు రిటైరయ్యారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి చిన్న లైను మూసేశారు. ఊళ్ళో పట్టాలు పీకేసి ఆ దారినే వెడల్పాటి రోడ్డు వేశారు. క్యారేజీ అటక మీదికి వెళ్ళింది. అత్తయ్య మాత్రం ఏడాదికి ఒకసారైనా ఆ స్టేషను చూపించమని మావయ్యగారిని అడిగేది. రైల్వే పాసు మీద కాశీ చూసింది, పూరీ చూసింది, రామేశ్వరం చూసింది. గంట ప్రయాణం లేని ఆ స్టేషను మాత్రం చూడలేదు. ఆయన ప్రతిసారీ ఒకటే అనేవారు, ఏముందక్కడ చూడ్డానికని. కారులో నేను తీసుకెళ్తాను పదండని ఒకసారి అన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు.

"నువ్వు తీసుకెల్తే ఊరు సూసినట్టుంతాది గాని, ఆయన డూటీ సూసినట్టుండదు. ఆయనే తీసుకెల్లాల. నా క్యారేజీ ఏ బల్ల మీద ఇప్పీవోరో ఆయనే సూపించాల."

ఆ కోరిక అంత పెద్దదని నాకు అప్పుడు అర్థం కాలేదు. ముసలితనంలో ఏదో ఒకటి పట్టుకుంటారు కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఇక టూరిస్టుల సంగతి. పిల్లల్ని తీసుకుని ఊళ్ళో పాత కట్టడాలు చూపిస్తూ తిరగడం నాకు అలవాటు. ఆ పేరు కాస్త పాకి, పర్యాటకం ఆఫీసు నుంచి కబురు వచ్చింది. రాయ్‌పూర్ చుట్టుపక్కల పాత పరిశ్రమల చోట్లన్నీ కలిపి ఒక రోజు బస్సు యాత్ర పెడతారట. గుళ్ళూ జలపాతాలూ అందరూ చూపిస్తారు, మనం పొగగొట్టాలూ పట్టాలూ చూపిద్దామని అక్కడి అధికారి ఆలోచన. ఆమెది దుర్గ్, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, చేతిలో ఎప్పుడూ ఒక నోటుబుక్కు. మొదటి మాట నుంచే నాకు నచ్చింది. దారి కూడా ఇద్దరం కలిసే గీశాం. పొద్దున సిల్తారాలో ఇనుము చేసే ఫ్యాక్టరీ, తర్వాత ఒక పాత బియ్యం మిల్లు, తర్వాత తెలీబంధాలో చిన్న లైను ఉన్న చోటు. అక్కడిదాకా గొడవ లేదు. ఆ తర్వాత ఊరి బయట మిగిలిన స్టేషన్లలో ఒకటి చూపించాలి. నేను మావయ్యగారి స్టేషను పేరు చెప్పాను.

ఆమె వెళ్ళి చూసొచ్చి పెదవి విరిచింది. పట్టాలు లేవు, సిగ్నలు లేదు, పైకప్పు లేదు, గోడలు మాత్రం ఉన్నాయి. ఆగిన ప్రతిచోటా కళ్ళతో చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలని ఆమె పెట్టుకున్న నియమం. సరే, ముందు ఒకసారి ఇరవై మందితో తిరిగి చూద్దాం, జనానికి నచ్చకపోతే ఈ స్టేషను తీసేద్దాం అంది. న్యాయమైన మాటే.

ఇంటికొచ్చి, మీరిద్దరూ రండి, స్టేషను మావయ్యగారే చూపిస్తారని చెబితే అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. మావయ్యగారు మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, ఆ అధికారి చెప్పిందే కరెక్టు, ఆ స్టేషను తీసేయండి అన్నారు. ఎండకి నిలబడే నీడ లేదన్నారు. పాములున్నాయన్నారు. నాకు ఒళ్ళు మండింది. పంతొమ్మిదేళ్ళు జీతం తీసుకున్న చోటుని ఇంతలా తీసిపారేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. లైను మూసేసినప్పుడు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడని మనిషి కూడా ఈయనే. నాకు తిక్క లేచి, మావయ్యగారితో కలిసి పని చేసిన పాయింట్స్‌మన్, అంటే బండ్లకి పట్టాలు మార్చే మనిషి, ఎక్కడున్నాడో వాకబు చేశాను. ఆ స్టేషను పక్క ఊళ్ళోనే ఉన్నాడు. యాత్ర రోజు వచ్చి పాయింట్లు ఎలా మార్చేవాళ్ళో, దీపాలు ఎలా వెలిగించేవాళ్ళో జనానికి చెప్పమని అడిగాను. ఒప్పుకున్నాడు. మావయ్యగారికి చెప్పలేదు, ఆయన ఆశ్చర్యపోతే చూడాలని.

యాత్ర రోజు పొద్దున మావయ్యగారికి జ్వరం వచ్చింది. థర్మామీటరు పెడితే రాలేదు. మొత్తానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కారు. ఆయన పక్కన అత్తయ్య కూర్చుంది. ఆవిడ ఒళ్ళో, అటక మీంచి దింపి చింతపండుతో తోమిన నాలుగు గిన్నెల క్యారేజీ, పైన గుడ్డ కట్టి. మళ్ళీ నాలుగింటికి లేచి వండింది. దాన్ని చూసిన దగ్గర్నుంచీ మావయ్యగారు కిటికీలోంచి బయటికి తప్ప ఇంకెటూ చూడలేదు.

సిల్తారాలో ఫ్యాక్టరీవాళ్ళు అందరికీ ప్లాస్టిక్ టోపీలు పెట్టారు. అత్తయ్య కొప్పు మీద అది నిలవక, ఒక చేత్తో టోపీని, ఒక చేత్తో క్యారేజీని పట్టుకుని తిరిగింది. ఇంజనీరు ఇనుప రాయి ఒకటి చేతికిచ్చి చూపించాడు, అదంతా సన్న చిల్లులు. కాల్చిన గారెలా ఉందని అత్తయ్య తేల్చేసింది. బియ్యం మిల్లులో పొగగొట్టం కన్నా అత్తయ్యకి పాత మర బియ్యం వాసన నచ్చింది. తెలీబంధాలో చెరువు గట్టు మీద నిలబడి, ఇదిగో ఇక్కడ మా స్టేషను ఉండేది, నేను ఇక్కడ గార్డుకి క్యారేజీ ఇచ్చేదాన్ని అని చెబుతుంటే, అటూ ఇటూ కార్లు దూసుకుపోతున్నాయి. జనం మర్యాదకి తలలు ఊపారు. అధికారి నోటుబుక్కులో ఏదో గీసింది. తర్వాతి స్టేషను కూడా కొట్టేస్తుందేమో అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ స్టేషను చేరాం. అధికారి తప్పు చెప్పలేదు. ఇటుక గోడలు, నల్లబడ్డ కిటికీ చట్రం, గడ్డి మొలిచిన గట్టు లాంటి ప్లాట్‌ఫారం. ఒక చింతచెట్టు, దాని కింద సిమెంటు బెంచీ. అత్తయ్య మోకాళ్ళ నొప్పితో మెల్లగా దిగి, గుమ్మం దగ్గర ఆగి, గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. ఎవరో బంధువుల ఇంటికి మొదటిసారి వచ్చినట్టు కొంగు సర్దుకుంది. బల్ల ఏదని అడిగింది. బల్ల ఎప్పుడో పోయింది, బెంచీ మీదే తినేవాళ్ళం అన్నారు మావయ్యగారు, నేల చూపులు చూస్తూ.

అప్పుడే చింతచెట్టు వెనక నుంచి పాయింట్స్‌మన్ వచ్చాడు. సన్నగా, నిటారుగా, తలపాగాతో ఉన్నాడు, మావయ్యగారి కన్నా ఒకటి రెండేళ్ళు చిన్నవాడేమో. ఆయన్ని చూడగానే సెల్యూట్ కొట్టి, వెంటనే పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. మావయ్యగారు నవ్వలేదు. నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపుకి అర్థం నాకు రెండు నిమిషాల్లో తెలిసింది.

భోజనం వేళ కదా, అందరం చెట్టు కింద కూర్చున్నాం. పాయింట్స్‌మన్ కూడా తువ్వాలులో కట్టుకొచ్చిన తన అల్యూమినియం గిన్నె విప్పాడు. అందులో బాసీ. అంటే ఇక్కడివాళ్ళ సద్దన్నం, నీళ్ళలో నానిన రాత్రి అన్నం. పక్కన ఒక ఉల్లిపాయ, ఆకులో పచ్చిమిరపకాయ చట్నీ. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ గిన్నె తీసి మావయ్యగారి ముందుకు జరిపాడు. తర్వాత చెయ్యి చాచి, అత్తయ్య పక్కనున్న క్యారేజీని ఎర్ర చుట్ట దగ్గర పట్టుకుని తన ముందుకు లాక్కున్నాడు. గుడ్డ ముడి విప్పాడు. గిన్నెలు దింపాడు. పైగిన్నెలో పచ్చడి, దాని కింద కూర అని కూడా చూసుకోలేదు, చేతులకే తెలుసు. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకోబోతూ తలెత్తాడు. ఇరవై మంది అతన్నే చూస్తున్నారు. అత్తయ్య కూడా చూస్తోంది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మావయ్యగారి చెయ్యి అప్పటికే బాసీ గిన్నెలో ఉంది.

అధికారికి ఏమీ అర్థం కాక, ఇదేమిటని అడిగింది. పాయింట్స్‌మన్ తప్పు చేసిన పిల్లాడిలా మావయ్యగారివైపు, అత్తయ్యవైపు చూసి, ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, చెప్పేశాడు.

"సాహెబ్ హ మోర్ బాసీ ఖావయ్, అఉ మైఁ దాయీ కే హాథ్ కే సాగ్ ఖావఁవ్."

సాహెబు నా బాసీ తినేవారు, నేను అమ్మ చేతి కూర తినేవాణ్ణి అని. రోజూనా అని అధికారి అడిగింది. రోజూ అన్నాడు. పంతొమ్మిదేళ్ళూ.

నేను తల ఎత్తలేకపోయాను. సాక్షిని పిలిపించింది నేనే కదా. అత్తయ్య ముఖంలో రంగు లేదు. నాలుగింటికి లేచిన పొద్దులన్నీ, కడిగి వచ్చిన గిన్నెల్ని చూసి ఆవిడ దాచుకున్న ఆ సంతోషమంతా నాకు గుర్తొచ్చి, భూమి చీలితే దూకేద్దామనిపించింది.

మావయ్యగారు అత్తయ్యతో అన్నారు. "మా అమ్మ పెట్టీది నాకు సద్ది. రైల్వేలో సేరినాక మనింట్లో ఆ కుండ నేదు. అడిగితే నువ్వు సిన్నబుచ్చుకుంతావని అడగనేపోనాను. నీ వంట పారెయ్యనేదు, ఆడు నాకన్నా బాగా తింతాడు."

బదిలీలు ఎందుకు ఆపించుకున్నారో అప్పుడు నాకు తెలిసింది. అత్తయ్యకీ తెలిసే ఉంటుంది.

ఆవిడ పాయింట్స్‌మన్ వైపు తిరిగి తన వచ్చీరాని హిందీలో, నా వంటలో ఏది బాగుండేది అని అడిగింది. ఆ అడగడంలో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. అతను ముద్ద గిన్నెలో పెట్టేసి, చేతులు జోడించినంత పని చేసి మొదలుపెట్టాడు. పనసకాయ కూరలో ఆవ ఘాటు ముక్కుకి తగిలేదట. అరటిపువ్వు కూర వచ్చిన రోజు దాన్ని ముందు కాకుండా చివర తినేవాడట, రుచి నోట్లో ఉండిపోవాలని. కార్తీక మాసంలో ఉల్లిపాయ లేకుండా వండినా ఇంగువతో నెట్టుకొచ్చేదట. మొదటి వర్షాలకి పప్పులో చింతచిగురు పడేదట. ఒకసారి మాత్రం వారం రోజులు వంట బాగోలేదట. ఎవరో వేరేవాళ్ళు చేసినట్టున్నారు, పప్పు ఉడకలేదు, పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది, అమ్మకి ఒంట్లో బాగోలేదేమోనని భయపడి సాహెబుని అడిగానన్నాడు.

ఆ వారం వండింది నేను. అత్తయ్యకి టైఫాయిడ్. ఇరవై మంది ముందు, ఇన్నేళ్ళ తర్వాత నా మార్కుల లిస్టు చదివారు. నేను టీచర్నని ఎవరికీ గుర్తు చేయలేదు.

అత్తయ్య అంతా విన్నది. మొహంలోకి రంగు మెల్లగా తిరిగొచ్చింది. తన వంటని అంత శ్రద్ధగా తిన్న మనిషి ఆవిడకి ఇంట్లో ఎవరున్నారు. మావయ్యగారు నలభై ఏళ్ళలో బాగుందని ఎన్నిసార్లు అన్నారో నాకు తెలుసు. చల్లారిపోతుంది, తిను అని అతనితో చెప్పింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, రెండడుగులు వేసి, మావయ్యగారికి ఎదురుగా కూర్చుంది. ఆయన ముందున్న బాసీ గిన్నె తమ ఇద్దరి మధ్యకి లాగింది. ఉల్లిపాయని అరచేతితో ఒక్క దెబ్బ కొట్టి చితక్కొట్టింది. ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. పాత అలవాటున కళ్ళు మూసుకుంది.

మావయ్యగారు నోరు తెరిచి చూస్తున్నారు. ఆవిడ కళ్ళు తెరవకుండానే చెప్పింది.

"రోజూ మీ క్యారేజీ ఎల్లిపోనాక, పదకొండింటికి, తలుపు సాటున కూకుని నానూ ఇదే తిన్నాను. కోడల్నడగండి."

నేను అవునన్నాను. అన్నేళ్ళు దాచిన మాట బయటికొచ్చేసరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"పంతొమ్మిదేళ్ళు మీరిక్కడ, నానక్కడ, ఇద్దరం ఇదే తిన్నాం. ఎదురుబొదురు కూకుని తింతే మన సొమ్మేటి పోయీది?"

మావయ్యగారు ఆకులో ఉన్న మిరపకాయ చట్నీ ఆవిడ వైపుకి నెట్టారు. తర్వాత ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తిన్నారు. పాయింట్స్‌మన్ వాళ్ళని చూస్తూ పనసకాయ కూర పూర్తి చేశాడు. ఇరవై మందిలో ఎవరూ బస్సు ఎప్పుడు బయల్దేరుతుందని అడగలేదు. ఒకాయన మాత్రం తనకీ కాస్త బాసీ దొరుకుతుందా అని అడిగాడు. పాయింట్స్‌మన్ ఇంటికి కబురెళ్ళింది, పెద్ద గిన్నె వచ్చింది. అధికారి నోటుబుక్కు మూసి బస్సు సీటులో పడేసి, తనూ ఒక ఆకు పరుచుకుని కూర్చుంది. తిరుగు ప్రయాణంలో తనే చెప్పింది, మధ్యాహ్నం భోజనం ఈ స్టేషనులోనే అని. ఇక్కడ చూడ్డానికి ఏముందని నేను ఏడిపించాను. ఆమె నవ్వింది.

ఇప్పుడు చలికాలంలో ఆదివారాలు ఆ బస్సు నడుస్తోంది. స్టేషను గోడకి సున్నం వేశారు, రెండు బెంచీలు పెట్టారు, యాత్రికులకి చెట్టు కింద ఆకుల్లో బాసీ పెడతారు. మా ఇంట్లో సద్ది కుండ పొయ్యి గట్టు మీద అందరికీ కనపడేలా కూర్చుంది. మావయ్యగారు పదకొండు కొట్టగానే గ్లాసులు కడిగి పీటలు వేస్తారు, అంత పని ఆయన చేయగా నేను మునుపెన్నడూ చూడలేదు. క్యారేజీని అత్తయ్య మళ్ళీ అటకెక్కనివ్వలేదు. యాత్ర ఉన్న ఆదివారం నాలుగింటికి లేచి, నాలుగు రకాలు వండి, గుడ్డ కట్టి నా చేతికిస్తుంది. నేను స్కూటీ మీద తీసుకెళ్ళి తెలీబంధాలో బస్సు డ్రైవరుకి అందిస్తాను. పిడికి ఎర్ర చుట్ట ఇప్పటికీ అదే.

సాయంత్రం ఖాళీ క్యారేజీ తిరిగొస్తుంది. అత్తయ్య ఇప్పటికీ మూతలు తీసి నాలుగు గిన్నెలూ చూస్తుంది. కడిగే ఉంటాయి. ఎవరు తిన్నారో ఇప్పుడు ఆవిడకి తెలుసు.